సారె పరుపు

రోహిణి కార్తెలో రాజమండ్రి డాబా మీద పన్నెండింటికి చెప్పుల్లేకుండా కాలు మోపలేం. దానవాయిపేటలో మా మేడ మీద ఆ రోజు రెండు ఎండుతున్నాయి. ఒక పక్క సగ్గుబియ్యం వడియాలు, ఇంకో పక్క బూరుగు దూది పరుపు. పదకొండేళ్ళ కిందట నా పెళ్ళికి మా అమ్మ సారెలో పెట్టిన పరుపది. ఇప్పుడు దాని మీద మా తొమ్మిదేళ్ళ పాప పడుకుంటోంది. తెల్లవారుజామున మూడింటికి తుమ్ములతో లేస్తోంది. వానాకాలమైతే పిల్లికూతలు కూడా.

మా అత్తయ్యగారు ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యారు. మా అమ్మ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి, ఇప్పుడు అంబాజీపేట పక్కన కొబ్బరితోట చూసుకుంటోంది. ఇద్దరూ మెట్లగది నీడలో కుర్చీలు వేసుకుని కూచున్నారు. నాకు వడియాల దగ్గర కాకుల కాపలా. విన్నది విన్నట్టు రాస్తున్నాను. పేర్లు మాత్రం పాప పిలిచే వరసలో.

నాయనమ్మ: వదినగారూ, మీరు మరోలా అనుకోకండి. ఈ పరుపు ఇంక పాప మంచం మీదికి రాకూడదు. అటకెక్కించి, భోగికి మంటలో వేసేద్దాం.

అమ్మమ్మ: సారె పరుపుని భోగి మంటలో వేస్తానంటూ, మరోలా అనుకోవద్దంటే ఎలాగండీ? ఆ దూది నేను దగ్గరుండి ఏకించాను. ఇంతకీ అది చేసిన నేరమేంటి?

నాయనమ్మ: నేరం పరుపుది కాదు. అందులో కాపరం పెట్టిన నల్లులది.

అమ్మమ్మ: నల్లులా! మా ఇంటినుంచి వచ్చిన పరుపులో నల్లులా? పదకొండేళ్ళలో ఎవర్నైనా కుట్టాయా? అల్లుడుగారిని పిలవండి, అడుగుదాం.

నాయనమ్మ: అయ్యో, ఆ నల్లులు కావండీ. మంచం పట్టీల్లో దూరి రక్తం పీల్చేది వేరు, అది ఆరు కాళ్ళ పురుగు. నేను చెప్పేది మీ కొబ్బరికాయల మీద మచ్చలు తెచ్చే నల్లి ఉంది చూడండి, దాని వంశం.

అమ్మమ్మ: ఇరియోఫిడ్ నల్లా? దాని పేరెత్తకండి. కాయలన్నీ కుంచించుకుపోయేవి. వేరుకి వేపమందు కట్టించలేక చచ్చాం. అది పరుపులోకి కూడా వచ్చిందా?

నాయనమ్మ: అది రాలేదు, దాని దాయాది వచ్చింది. కొబ్బరి నల్లికి నాలుగే కాళ్ళు, ఈ దుమ్ము నల్లికి ఎనిమిది. రెండూ సాలెపురుగు చుట్టాలే. ఇది మిల్లీమీటరులో మూడోవంతు ఉంటుందేమో, కంటికి ఆనదు. కుట్టదు, కరవదు. మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తింటుంది. నీళ్ళు తాగదు, గాల్లో తేమనే ఒంట్లోకి లాక్కుంటుంది. గాల్లో తేమ 50 శాతం కన్నా తగ్గి కొన్నాళ్ళు అలాగే ఉంటే ఎండిపోయి చస్తుంది. 70 దాటిందా, ఇంక దానికి పండగే. పరుపులో దానికి లోటేముంది? తిండి పైనుంచి రాలుతుంది, చెమట తేమ ఉంటుంది, ఒంటి వెచ్చదనం ఉంటుంది.

అమ్మమ్మ: కుట్టనిదీ కరవనిదీ పాపనెందుకు నిద్ర లేపుతోందట?

నాయనమ్మ: లేపుతున్నవి దాని పెంటికలు. ఒక్కోటి మిల్లీమీటరులో యాభయ్యోవంతు. పొట్టుని అరిగించుకునే జీర్ణరసం వాటిలో ఉంటుంది. పాప దిండు మీద అటూ ఇటూ దొర్లినప్పుడల్లా అవి లేచి ముక్కులోకి పోతాయి. ముక్కు లోపలి పొరని కూడా ఆ రసం చర్మపు పొట్టు కిందే జమకడుతుంది.

అమ్మమ్మ: పాప చేతి మీద పరీక్ష చేసిన రోజున పక్కనే ఉన్నాను లెండి. ముంజేతి మీద పెన్నుతో గీతలు పెట్టి, ఒక్కో గీత పక్కన ఒక్కో చుక్క వేసి, చర్మం పైపైన సూది మొన తాకించారు. నెత్తురు కూడా రాలేదు. పావుగంట గడిచింది. బొద్దింక దగ్గర ఏమీ లేదు, పుప్పొడి దగ్గర ఏమీ లేదు, పిల్లి దగ్గర ఏమీ లేదు. దుమ్ము నల్లి చుక్క దగ్గర మాత్రం దోమ కుట్టినట్టు తెల్లటి దద్దురు లేచింది, చుట్టూ ఎరుపు. స్కేలు పెట్టి కొలిస్తే 7 మిల్లీమీటర్లు. ఉత్త ఉప్పునీటి చుక్క దగ్గర సున్నా. దానికన్నా 3 ఎక్కువుంటేనే పాజిటివ్ అంటారు. దద్దురుంది, తెల్లవారుజాము తుమ్ములూ ఉన్నాయి. రెండూ కలిశాయి కాబట్టి ఎలర్జీయే. నల్లి లేదని నేననడం లేదండీ. దానికోసం పరుపుకి ఉరిశిక్ష ఎందుకంటున్నాను.

నాయనమ్మ: ఎందుకంటే ఆ ముద్దాయి ఉండేది అక్కడే కాబట్టి. వెనకటికి ‘ఇంటి దుమ్ము పడదు’ అనేవాళ్ళే గాని, దుమ్ములో ఏది పడదో ఎవరికీ తెలీదు. 1964లో హాలెండులో, లైడెన్ అనే ఊళ్ళో ఫోర్‌హోర్స్ట్ అనే డాక్టరూ స్పీక్స్‌మా అనే జీవశాస్త్రవేత్తా దాన్ని పట్టుకున్నారు. చెమ్మ ఎక్కువున్న ఇళ్ళలోని దుమ్మే రోగుల్ని ఎక్కువ బాధపెడుతోందని గమనించి, ఎందుకా అని వెతికితే ఈ నల్లి దొరికింది.

అమ్మమ్మ: లైడెనంటే కాలవల ఊరు. పల్లపు నేల, పక్కన సముద్రం. అంటే మన అమలాపురమే! మీకు జవాబు అక్కడే ఉంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. అప్పట్నించీ కాలవలు, రెండు పంటల వరి, ఊరూరా చెరువులు, ఇప్పుడు రొయ్యల గుంటలు. శ్రావణంలో మా ఇంట్లో వేయించిన అప్పడం పావుగంటలో మెత్తబడిపోతుంది. ఉప్పు జాడీలో నీరూరుతుంది. ఇలాంటి చోట తేమని యాభైకి దించుతారా? గోదాట్లో నీళ్ళు గరిటెతో తోడినట్టుంటుంది.

నాయనమ్మ: ఏడాది పొడుగునా తోడమనడం లేదు. ఇదిగో, ఇది తేమ మీటరు. పొద్దున్న ఏడింటికి పాప గదిలో 72 చూపించింది. ఇప్పుడిక్కడ 34. పడమటిగాలి తోలే ఈ పదిహేను రోజులూ దేవుడు మన పక్షం. సిడ్నీలో టోవీ, వుల్‌కాక్ అని ఇద్దరు తివాచీలని ఎర్రటెండలో పరిచి చూశారు, 1994లో అచ్చయింది. బతికున్న నల్లి ఒక్కటి మిగల్లేదు. వేడి 55 డిగ్రీలు దాటడమూ, తేమ ఆరిపోవడమూ కలిసి చంపేశాయి. ఆ పరుపు మీద చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది.

(మా అమ్మ లేచి, కొంగు నెత్తిన కప్పుకుని ఎండలోకి వెళ్ళింది. పరుపు మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. తర్వాత ఒక అంచు ఎత్తి మోచేతిదాకా కిందికి దూర్చింది.)

అమ్మమ్మ: పైన కాలుతోంది, నిజమే. లోపల గోరువెచ్చగా ఉందండీ. తివాచీ మందమెంత, పరుపు మందమెంత? పైన వేడెక్కితే నల్లి లోపలికి జారుకుంటుంది. గంట గంటకీ తిరగేస్తే కొంత నయం. పోనీ అన్నీ చచ్చాయే అనుకోండి. పెంటికలెక్కడికి పోతాయి? ఎండ నల్లిని చంపుతుంది గాని, అందులోని ప్రోటీనుని మాయం చెయ్యదు కదా. శవాలూ పెంటికలూ అన్నీ ఆ దూదిలోనే ఉంటాయి.

నాయనమ్మ: నేనన్నదీ అదే! అందుకే పారేద్దామన్నాను. ఇప్పుడు మీ నోటితో మీరే తీర్పు చెప్పారు.

అమ్మమ్మ: (నవ్వేసి) టీచరు అనిపించుకున్నారు. సరే, పరుపు సంగతి కాసేపు పక్కన పెట్టండి. పరుపుతో ఆగుతారా మీరు? ఆ చీటీ ఒకసారి చదవండి.

నాయనమ్మ: ఏముందీ, చేయాల్సినవే రాశాను. గుడ్డ కర్టెన్లు తీసేసి వెదురు తడకలు కట్టాలి. గుడ్డబొమ్మలు బయటికి పోవాలి. పుస్తకాలు అద్దాల బీరువాలో పెట్టాలి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్ళలో ఉతకాలి. చీపురు మానేసి రోజూ తడిగుడ్డ పెట్టాలి. వారం వారం బూజులు దులపాలి, ఫ్యాను రెక్కలు తుడవాలి. గాలి శుభ్రం చేసే మెషిను కొనాలి. సోఫా గుడ్డ పీకించి రెక్సిన్ వేయించాలి.

అమ్మమ్మ: తీసేయాలి, పెట్టాలి, ఉతకాలి, దులపాలి, తుడవాలి. క్రియలు బాగానే ఉన్నాయి గాని, కర్త ఎక్కడండీ? కర్త లేడు, కర్మ మాత్రం మా అమ్మాయిది. పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసుకి పోతుంది, సాయంత్రం ఏడింటికొస్తుంది. మీ చీటీ ప్రకారం మిగిలిన జీవితమంతా బూజుకర్రకి అంకితం.

(నేను కాకిని అదిలిస్తున్నట్టు అటు తిరిగాను.)

నాయనమ్మ: కోడల్ని చాకిరీకి పెట్టడానికి రాశానా? పిల్ల రాత్రి ఊపిరందక కూచుంటే చూడలేక రాశాను.

అమ్మమ్మ: మీ మనసు నాకు తెలీదా? ఆ చాకిరీకి తగ్గ ఫలముందా అని నా అనుమానం. 2003లో బ్రిటన్‌లో ఉబ్బసమున్న 1,122 మంది పెద్దవాళ్ళని తీసుకుని, సగం మందికి నల్లి దాటలేని పరుపు కవర్లు, సగం మందికి ఉత్తుత్తి కవర్లు ఇచ్చారు. ఏడాది చూసినా తేడా లేదు. 2008లో కాక్రేన్ సంస్థ సమీక్ష 54 పరీక్షల్ని కలిపి లెక్కేసి, నల్లుల్ని చంపే మందులూ కవర్లూ ఉబ్బసానికి పనికొచ్చినట్టు కనబడలేదంది. అక్కడ చలిదేశంలోనే అలాగుంటే, మన చెమటల దేశంలో ఏం సాధిస్తాం?

నాయనమ్మ: మీరు చెప్పిన మొదటి లెక్క పెద్దవాళ్ళది. పిల్లల లెక్క వినండి. 2017లో మాంచెస్టర్ వాళ్ళు 284 మంది పిల్లలతో చేశారు. అందరికీ నల్లి పడదు, అందరూ ఆయాసంతో ఆసుపత్రికి వెళ్ళొచ్చినవాళ్ళే. ఏడాదిలో మళ్ళీ ఎమర్జెన్సీకి పరిగెత్తినవాళ్ళు ఉత్తుత్తి కవర్లవైపు నూటికి 42 మంది. అసలు కవర్లవైపు 29.

అమ్మమ్మ: అంటే కవరుండి కూడా ఇరవై తొమ్మిది మంది పరిగెత్తారు.

నాయనమ్మ: పదమూడు మంది ఇళ్ళల్లో తల్లులు ఆ రాత్రి నిద్రపోయారు కదండీ.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.)

అమ్మమ్మ: అది ఒప్పుకున్నాను. కానీ వాళ్ళు మార్చింది పక్క ఒక్కటే. కర్టెన్లు పీకించలేదు, సోఫా విప్పించలేదు. పైగా మన ఊళ్ళో పరుపు కవరంటే రెక్సిన్ సంచీ. ఈ ఉక్కలో దాని మీద పడుకుంటే వీపంతా చెమటకాయలు లేస్తాయి.

నాయనమ్మ: రెక్సిన్ కాదండీ. నేత బాగా బిగువుగా ఉన్న గుడ్డ కవర్లొస్తాయి. దారాల సందులు 10 మైక్రాన్ల లోపుంటే గాలాడుతుంది, పెంటిక దాటదు. చుట్టూ జిప్పుండాలి. పైన మామూలు నూలు దుప్పటి, దాన్నే వారానికోసారి ఉతకడం. అందుకే దూది పరుపు వద్దంటున్నాను. దాన్ని రెండేళ్ళకోసారి విప్పి ఏకించాలి. కవరు వేసినా ఏకినప్పుడల్లా మళ్ళీ మొదటికే. పైగా మీ అన్నయ్యగారు ఫోన్లో చూపించారు, పదేళ్ళలో నల్లులవల్ల పరుపు బరువు రెట్టింపవుతుందట.

అమ్మమ్మ: అన్నయ్యగారి ఫోనుకేమండీ! నల్లులకి అంత బరువెక్కడిదీ? అదంతా పరుపులమ్ముకునేవాళ్ళ కథ. బయాలజీ టీచరు మీరు నమ్మకండి. కిందటేడు మృగశిర కార్తెకి ఆయనే కదా పాపని హైదరాబాదు నాంపల్లి మైదానానికి తీసుకెళ్ళి, బతికున్న కొర్రమీను పిల్లని పచ్చటి ముద్దతో సహా మింగించుకొచ్చారు?

నాయనమ్మ: (తల వంచుకుని) నేను వద్దన్నానండీ. వింటేనా? వానలు పడగానే ఆయాసం రానే వచ్చింది.

అమ్మమ్మ: వస్తుంది మరి. ఆ చేపకి ఉబ్బసం తగ్గుతుందన్న రుజువేదీ? సరే, చీటీకి రండి. గాలి మెషిను కొట్టేయండి. పెంటిక బరువైంది, లేచినా అరగంటలోపు కిందికి దిగిపోతుంది. పాప ముక్కు దిండులో ఉంటే, మూలనున్న మెషిను ఏం పీలుస్తుంది?

నాయనమ్మ: కొట్టేశాను. మరి మీ అల్లుడుగారు తెచ్చిన కూలరు? నీళ్ళలో తడిసిన గాలిని గదిలోకి తోలుతుంది. నిన్న రాత్రి దాని ముందు మీటరు పెడితే 84. నల్లులకి జలాభిషేకం.

అమ్మమ్మ: కూలరు పాప గదిలోకి వద్దు. ఏసీయో?

నాయనమ్మ: ఏసీ తేమని లాగేస్తుంది. వెనక గొట్టంలోంచి బకెట్లోకి కారే నీళ్ళు ఆ గది గాల్లోంచి వచ్చినవే కదా. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగాలి. పగలు ఎండ ఉన్నప్పుడు కిటికీలు తీసిపెట్టాలి. కానీ వానాకాలం రాత్రి కరెంటు పోతే గంటలోనే మీటరు మళ్ళీ మొదటికొస్తుంది. అది నేనూ చూశాను.

అమ్మమ్మ: నేను మొదట్నించీ చెప్తున్నదదే. మనం తేమతో ఏడాదికి పదిహేను రోజులు గెలుస్తాం, మిగిలిన రోజులు ఓడిపోతాం. ఆ ఓడిన రోజులకి పాపకి మందుండాలి. మీరేమో ఇల్లు దులిపి, ఇన్‌హేలరు దాచేశారు.

నాయనమ్మ: దాచలేదు. బాగున్నప్పుడు ఎందుకని ఆపించాను. తొమ్మిదేళ్ళ పిల్లకి స్టెరాయిడా? అలవాటు పడిపోతే? మా రోజుల్లో ఇవెక్కడున్నాయండీ? దగ్గూ ఆయాసమూ అంటే ఈసనోఫిలియా అనేవారు. మూడు వారాలు హెట్రజాన్ మాత్రలు వేసుకుంటే తగ్గిపోయేది.

అమ్మమ్మ: ఆ మాత్రల సంగతి నన్నడగండి, వార్డులో ఎంతమందికి ఇచ్చానో! అవి బోదకాలు పురుగుకి మందు. మన డెల్టాలో బోదకాలు బాగా ఉండేది. కొంతమందికి ఆ పురుగు పిల్లల మీద ఒళ్ళు ఎదురుతిరిగి, రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం వచ్చేవి. రక్తంలో ఈసనోఫిల్ కణాలు 3,000 దాటిపోయేవి. వాళ్ళకి ఆ మాత్ర అమృతం. దాన్ని 1947లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో తెచ్చిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, రాజమండ్రి బళ్ళో చదివినాయన.

నాయనమ్మ: ఆయన గురించి ఏటా పిల్లలకి చెప్పేదాన్ని. ఆ మందూ ఈ మందూ ఒకే దగ్గుకి అనుకున్నాను.

అమ్మమ్మ: తంటా అదే. నల్లి ఎలర్జీకి కూడా ఆ కణాలు కొంచెం పెరుగుతాయి. దాంతో అందరికీ ఒకే పేరు, ఒకే మాత్ర. ఏ ఆయాసం ఏదో డాక్టరు తేల్చాలి. పాపది తేలింది. ఇంక స్టెరాయిడంటారా? మాత్రైతే మిల్లీగ్రాముల లెక్క, ఒళ్ళంతా తిరుగుతుంది. పఫ్ మైక్రోగ్రాముల లెక్క, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. వెళ్ళేదీ ఊపిరి గొట్టాల్లోకే. మొదటి ఏడాదిలో ఎత్తు అర సెంటీమీటరు తగ్గొచ్చంటారు, నేను దాచను. రాత్రిళ్ళు కూచుని తెల్లవార్చే పిల్ల మాత్రం ఏం ఎదుగుతుందీ? అలవాటంటారా, కళ్ళజోడు అలవాటవుతుందని ఎవరైనా మానేస్తారా?

నాయనమ్మ: మరి బాగున్న రోజున కూడా ఎందుకు?

అమ్మమ్మ: ఇంట్లో రెండు ఇన్‌హేలర్లున్నాయి కదా. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు కొట్టేది, అది అప్పటికప్పుడు గొట్టాలు తెరుస్తుంది. రెండోది రోజూ పీల్చేది, లోపలి వాపు తగ్గిస్తుంది. ఆయాసం లేని రోజున వాపు లేదనుకోకండి. స్పేసరు గొట్టం పెట్టి పీల్చాలి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మాలి. మానడమూ తగ్గించడమూ డాక్టరు చెప్పాలి, మనం కాదు. ముక్కు స్ప్రే కూడా మధ్య గోడకి కొట్టకూడదు, బయటివైపుకి, చెవి కేసి తిప్పి కొట్టాలి. మొన్న మీరు కొడుతుంటే చూశాను, తిన్నగా గోడకే కొట్టారు. అందుకే నెత్తురు చారలు.

నాయనమ్మ: అది నాకెవరూ చెప్పలేదండీ. ఆ ఎలర్జీ ఇంజెక్షన్లంటున్నారే, వాటితో శాశ్వతంగా పోతుందా?

అమ్మమ్మ: నల్లి ప్రోటీనునే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి మచ్చిక చేయడమది. 1911లో లండన్లో లెనర్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మొదలెట్టాడు. చాలామందికి మేలే గాని, మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది, ఆయాసం అదుపులో ఉన్నప్పుడే మొదలెట్టాలి. అది తర్వాత. ముందు మన ఇంటి పొగ సంగతి తేల్చండి. శుక్రవారం శుక్రవారం పాప గదిలో సాంబ్రాణి వేసేదెవరు? రాత్రి మంచం కింద దోమల చుట్ట వెలిగించేదెవరు?

నాయనమ్మ: సాంబ్రాణికి పురుగులు పోతాయని...

అమ్మమ్మ: దుమ్ము నల్లి పొగకి పోదు. పాప ఊపిరే పోతుంది. దోమల చుట్ట ఒకటి పూర్తిగా కాలితే వచ్చే సన్నటి మసి 75 నుంచి 137 సిగరెట్ల మసికి సమానమని 2003లో లెక్కగట్టారు. దోమతెర కట్టండి. దుప్పట్లతో పాటు అదీ ఉతకండి. బీరువాలో కలరా ఉండలు కూడా తీసేయండి, ఆ వాసనకే పాప తుమ్ముతోంది.

నాయనమ్మ: రాసుకుంటున్నాను. మరి రొయ్యలు? నల్లి పడనివాళ్ళకి రొయ్య పడదని విన్నాను.

అమ్మమ్మ: రొయ్యల గుంటల పక్కన వియ్యాలవారుండి రొయ్య మానిపిస్తారా! నల్లీ రొయ్యా దూరపు చుట్టాలు. రెండింటి కండలోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను దాదాపు ఒక్కలాగే ఉంటుంది. అందుకని నల్లి పడని కొందరికి రొయ్య తింటే నోరు దురద, దద్దుర్లు వస్తాయి. మతనియమం ప్రకారం రొయ్య ఎన్నడూ ముట్టని యూదుల్లో కూడా, నల్లి పడనివాళ్ళ రక్తంలో రొయ్యని గుర్తుపట్టే యాంటీబాడీలు కనబడ్డాయట. పాప ఇన్నాళ్ళూ తిని ఏమీ కాలేదు, తిననివ్వండి. నోరు దురదంటే మాత్రం ఆపి, డాక్టరుకి చూపించాలి.

నాయనమ్మ: ఇంత చెప్పారు గాని, మన చిన్నప్పుడు పిల్లలకి ఇన్ని తుమ్ములున్నాయా? నులకమంచం, చాప, దుప్పటి. పొద్దున్నే మంచం గోడకి నిలబెట్టేవాళ్ళం, చాప చుట్టేసేవాళ్ళం. దూది పరుపు పెళ్ళికొడుక్కే.

అమ్మమ్మ: ఈసారి నేను మీకు అడ్డమొస్తాను. బొంత మర్చిపోయారా? పాత చీరలు పొరలు పొరలుగా కుట్టి, ఏడాదికోసారి ఉతికితే గొప్ప. ఆయాసమున్న పిల్లలు అప్పుడూ ఉన్నారు, వాళ్ళ జబ్బుకి పేరు పెట్టినవాళ్ళు లేరు. కాకపోతే ఒకటి నిజం. రేవులో దుప్పట్లు బానలో ఉడికించేవారు. మీ 60 డిగ్రీలు అక్కడే ఉంది.

నాయనమ్మ: అయితే నా మాటా ఒప్పుకున్నట్టే.

అమ్మమ్మ: సగం. పాప రోజుకి తొమ్మిది గంటలు ముక్కు పెట్టి పీల్చేది మంచం మీద. బడిలో, బస్సులో, మా ఇంట్లో మీరేం దులుపుతారు? మంచం మీకిచ్చేస్తాను, ఇల్లు వదిలేయండి.

నాయనమ్మ: ఇల్లు వదిలేస్తాను. కర్టెన్లుంటాయి, సోఫా ఉంటుంది. మంచానికి సన్నటి ఫోం పరుపు, జిప్పు కవర్లు, వారానికోసారి వేణ్ణీళ్ళ ఉతుకు. గుడ్డబొమ్మ ఒక్కటే ఉంచుతాను. దాన్ని నెలకోసారి రెండు రోజులు ఫ్రీజరులో పెట్టి, తర్వాత ఉతకడం. ఊడ్చేటప్పుడు పాప గదిలో ఉండకూడదు. మందు మీకిచ్చేశాను, ఇంక నేను ఆపించను.

అమ్మమ్మ: తాంబూలాలు పుచ్చుకున్నట్టే. ఇంక ఆ పరుపు నేను తీసుకెళ్తాను. నాకు తుమ్ములు లేవు.

నాయనమ్మ: సారె వెనక్కి పంపడమా! ఊళ్ళో ఏమనుకుంటారండీ? ఆ మాట మళ్ళీ అనకండి. కింద హాల్లో దివాను మీద వేయిస్తాను. మీ అన్నయ్యగారు పగలంతా దాని మీదే కదా ఫోను చూస్తారు. పాప మాత్రం దాని మీద పడుకోకూడదు.

అప్పటికి ఎండ వాలింది. పిట్టగోడ నీడ పరుపు దాటింది. నేను వడియాల చీర మడతపెట్టి, వాళ్ళ దగ్గరికి వచ్చి అడిగాను. మా వాషింగ్ మిషన్లో నీళ్ళు వేడెక్కవు. వారం వారం అరవై డిగ్రీల నీళ్ళు కాచేదెవరు, మోసేదెవరు, రెండు అంతస్తులెక్కి ఆరేసేదెవరు అని.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ చీటీ తీసుకుని నా చేతిలో పెట్టింది. అత్తయ్యగారు పెన్ను ఇచ్చారు. చీటీ వెనక నిలువుగా గీతలు గీసి, తేదీ ఒక గడిలో, పని ఒక గడిలో రాశాను. మూడో గడి పైన ‘కర్త’ అని రాశాను. కింద హాల్లోంచి మామయ్యగారు కాఫీ అయిందా అని కేకేశారు. మొదటి ఆదివారం ఎదురుగా ఆయన పేరు రాసి, పరుపు ఒక కొస పట్టుకోమని అత్తయ్యగారికి చెప్పాను.